పెట్టె సర్దడం సరే, పాస్‌పోర్టు చూశారా?

మార్చి నెలాఖరు వచ్చిందంటే మా ఎస్.ఆర్. నగర్ వీధుల్లో కొత్త కారం, ఆవపిండి ఘాటుతో పాటు కొత్త సూట్‌కేసుల వాసన కూడా వేస్తుంది. అపార్టుమెంటుకి ఇద్దరైనా ప్రయాణంలో ఉంటారు. ఒకరు కూతురి పురుటికి, ఒకరు మనవడి అక్షరాభ్యాసానికి, ఇంకొకరు "మావాడు రమ్మని చంపేస్తున్నాడు" అని. మెట్లమీద ఎవరు ఎదురుపడినా ఒకటే మాట: "ఇరవై మూడు కిలోలకి ఎంత తగ్గిందండీ?"

బరువు చూసుకునే శ్రద్ధలో పదో వంతు కాగితాల మీద పెడితే ఈ వారం నాకీ ఉత్తరం వచ్చి ఉండేది కాదు. ఎస్.ఆర్. నగర్ నుంచే ఒక సోదరి నాలుగు పేజీలు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. కొంత భాగం ఇక్కడ ఇస్తున్నాను.

"మా అక్కయ్యకి ఒక్కతే కూతురు. దుబాయ్‌లో ఉంటుంది. 2022 నవంబరు ఆఖర్లో పురుడు. అల్లుడు విజిట్ వీసా పంపించాడు, రానూ పోనూ టికెట్ తీశాడు. అక్కయ్య పాత మెత్తటి చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టింది, కాయం చేసింది, రెండు పెట్టెలు సర్దుకుని శంషాబాద్ వెళ్ళింది. కౌంటర్ దగ్గర అమ్మాయి పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి 'ఇందులో ఒక్క పేరే ఉంది, మిమ్మల్ని ఎక్కనివ్వడానికి లేదు' అంది. అదే పాస్‌పోర్టుతో అంతకుముందు సింగపూర్ వెళ్ళొచ్చిన మనిషి! ఎంత బతిమాలినా వినలేదు. పాస్‌పోర్టు మళ్ళీ చేయించి, కొత్త వీసా, కొత్త టికెట్ తీసుకుని వెళ్ళేసరికి మనవడికి పంతొమ్మిదో రోజు. ఆస్పత్రిలో తల్లి పక్కన లేకుండా కన్నది ఆ పిల్ల. అక్కయ్య ఇప్పటికీ ఆ మాటొస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఇప్పుడు నేను అమెరికాలో మా అమ్మాయి పురుటికి వెళ్ళాలి. వీసా ఉంది. ఇంకా ఏమేం చూసుకోవాలి? వీసా ఉంటే చాలదా?"

చాలదమ్మా. వీసా అంటే వాళ్ళ గుమ్మం దాకా రావచ్చన్న మాట మాత్రమే. లోపలికి రానిచ్చేదీ మానేదీ ఆ గుమ్మంలో కూర్చున్న ఆఫీసరు. ఆ గుమ్మం దాకా తీసుకెళ్ళాలా వద్దా అని ముందే చూసేది ఇక్కడి విమానం కంపెనీ వాళ్ళు.

ముందు అక్కయ్యగారి సంగతి చెప్పుకుందాం. ఇది తెలుగు ఆడవాళ్ళలో చాలామందికి వర్తిస్తుంది. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. బడిలో ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి చుక్క పెట్టేశారు. పెళ్ళయ్యాక ఆ అక్షరం మారింది. రేషన్ కార్డులో ఒకటి, బ్యాంకు పుస్తకంలో ఒకటి. పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన ఏజెంటు ఈ గొడవంతా ఎందుకని ఉన్న ఒక్క పేరునీ ఒక గడిలో రాసి, రెండో గడి ఖాళీగా వదిలేశాడు. ఇన్నేళ్ళూ జరిగిపోయింది. 2022 నవంబరు 21 నుంచి యు.ఏ.ఇ. వాళ్ళు విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళ పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే రానివ్వమన్నారు. సరిగ్గా అదే వారంలో ఈవిడ ప్రయాణం! తర్వాత కొద్ది రోజులకే, పాస్‌పోర్టు రెండో పేజీలో (మన పాస్‌పోర్టుల్లో అది చివరి పేజీ) తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరిపోతుందని సర్దుబాటు చేశారు. ఆ మాట వీళ్ళకి చెప్పినవాళ్ళు లేరు. ఈలోగా డబ్బూ పోయింది, పురుడూ అయిపోయింది.

అమెరికా వాళ్ళది ఇంకో తీరు. పాస్‌పోర్టులో సొంత పేరు గడి ఖాళీగా ఉంటే వీసా మీద ఆ చోట 'ఎఫ్.ఎన్.యు.' అని వేస్తారు. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అరవై ఏళ్ళు సంసారం చేసిన మనిషికి పేరు తెలియదట! అక్కడ దాంతో ఎన్ని తిప్పలో అనుభవించిన వాళ్ళనడగండి.

కాబట్టి అక్కా చెల్లెళ్ళూ, వీసా సంగతి తర్వాత. ఇవాళే బీరువాలోంచి పాస్‌పోర్టు తీసి ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, సొంత పేరు గడిలో సొంత పేరు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే 'రీ-ఇష్యూ'కి పెట్టుకోండి. పెళ్ళయింది కదా అని భర్త ఇంటిపేరుకి మారి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. పుట్టింటి పేరుతోనే ఉండొచ్చు. పేరు ఏదైనా, టికెట్ మీద, వీసా మీద, పాస్‌పోర్టు మీద అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. అబ్బాయి అమెరికా నుంచి టికెట్ తీసేటప్పుడు 'అమ్మ' అని ముద్దుగా పిలుచుకునే పేరు కొట్టకుండా చూసుకోండి. అన్నట్టు, మన అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో ఉన్న పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025 సెప్టెంబరులో ఎం.జి.బి.ఎస్. మెట్రో స్టేషన్‌కి తరలిపోయింది. పాత అలవాటుకొద్దీ అమీర్‌పేట వెళ్ళి నిలబడకండి. ఎస్.ఆర్. నగర్‌లో మెట్రో ఎక్కితే మారకుండా అక్కడ దిగొచ్చు.

కౌంటర్‌లో అమ్మాయి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. ఏ దేశం వెళ్ళడానికి ఏ పాస్‌పోర్టుకి ఏమేం కావాలో చెప్పే 'టైమాటిక్' అనే పట్టిక ఒకటుంది. ప్రపంచంలో విమాన కంపెనీలు చాలావరకు దాన్నే చూస్తాయి. అందులో లేని మనిషిని ఎక్కించుకెళితే అవతలి దేశం ఆ కంపెనీకి జరిమానా వేస్తుంది, వెనక్కి తెచ్చే ఖర్చూ దానిదే. అందుకే ఆ పిల్ల కళ్ళు కంప్యూటర్ మీదే ఉంటాయి, మన కన్నీళ్ళ మీద ఉండవు. మనం చేయాల్సింది ఏమిటంటే, టికెట్ కొనకముందోసారి, ప్రయాణానికి వారం ముందోసారి ఆ దేశపు ఎంబసీ వెబ్‌సైటు, విమాన కంపెనీ వెబ్‌సైటు రెండూ చూడడం. పక్కింటావిడ కిందటేడు వెళ్ళొచ్చింది కదా అని ఆవిడ మాట మీద ఉండిపోకండి. కిందటేడు రూలు కిందటేడుతోనే పోయి ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 2 వరకూ 79 ఏళ్ళు దాటిన పెద్దవాళ్ళకి అమెరికా వీసా ఇంటర్వ్యూ మినహాయింపు ఉండేది. ఆ రోజు నుంచి తీసేశారు. బామ్మగారిని కూడా నానక్‌రామ్‌గూడ తీసుకెళ్ళాల్సిందే. (ఒకప్పుడైతే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు పోవాల్సి వచ్చేది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచాక ఆ యాత్ర తప్పింది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకి మారింది.)

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన కథలు మన పేటకి కొత్తేం కాదు. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో చదివి, కన్సల్టెన్సీల చేతిలో పాస్‌పోర్టు పెట్టి వెళ్ళిన పిల్లలెందరో! 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళాల్సిన 19 మంది విద్యార్థుల్ని ఎయిర్ ఇండియా హైదరాబాద్‌లోనే ఆపేసింది. అందరికీ వీసాలున్నాయి! వాళ్ళు చేరబోయే రెండు కాలేజీలు, శాన్‌హోజేలోని సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, ఫ్రీమాంట్‌లోని నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్, పరిశీలనలో ఉన్నాయని, అప్పటికే అక్కడ దిగిన 14 మందిని తిప్పి పంపారని కారణం చెప్పింది. పంపిస్తే అక్కడినుంచి తిరిగి రావాల్సి వస్తుంది, వీసా మీద ముద్ర పడుతుంది, అందుకే ఆపామంది. తల్లిదండ్రులకి ఆ మాట ఎక్కుతుందా? 2023 ఆగస్టులో ఒక్క రోజే 21 మంది భారతీయ విద్యార్థుల్ని అట్లాంటా, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వెనక్కి పంపారు. వాళ్ళలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలే. ఫోన్లు తీసుకుని వాట్సాప్ మెసేజీలు కూడా చదివారని తిరిగొచ్చినవాళ్ళు చెప్పారు. అలా 'ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్' కింద పంపేస్తే మళ్ళీ అయిదేళ్ళదాకా అటు వెళ్ళడానికి లేదు. పొలం అమ్మి, మెళ్ళో గొలుసు బ్యాంకులో పెట్టి పంపిన తల్లికి అయిదేళ్ళంటే ఎంతో లెక్క వేసుకోండి.

కనుక పిల్లని పంపే తల్లులు కన్సల్టెన్సీ వాడి ఏసీ గదిని చూసి మురిసిపోవద్దు. కాలేజీ పేరు, ఫీజు ఎంత కట్టారో, ఎక్కడ ఉంటుందో, ఎవరు ఖర్చు పెడుతున్నారో, ఇవన్నీ అమ్మాయి నోటితో చెప్పగలగాలి. దరఖాస్తులో ఏం రాశారో ఆ పిల్లకే తెలియకపోతే ఆఫీసరు అడిగినప్పుడు ఏం చెబుతుంది? వెళ్ళగానే ఏదో ఒక పార్ట్‌టైం పని చేసుకోవచ్చని స్నేహితులకి పంపిన మెసేజి, చదువుకోవడానికి వచ్చానన్న మాటని అబద్ధం చేసేస్తుంది.

ఇక పురుటికెళ్ళే మా సోదరి సంగతి. మీ వీసా పాత పాస్‌పోర్టులో ఉండి, ఆ పాస్‌పోర్టు గడువు అయిపోతే కొత్తదీ పాతదీ రెండూ తీసుకెళ్ళాలి. మూల కత్తిరించి ఇచ్చారు కదా అని పాతదాన్ని అటక మీద పారేయకండి. వీసా పదేళ్ళకి ఇచ్చారని పదేళ్ళు ఉండొచ్చనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎన్నాళ్ళుండాలో దిగినప్పుడు ఆఫీసరు నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలిస్తారు. ఆ తేదీ 'ఐ-94' అనే రికార్డులో ఉంటుంది. ఇంటికి చేరిన మర్నాడే మీ అల్లుడిచేత కంప్యూటర్‌లో తీయించి, వంటింట్లో క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గీత పెట్టించండి. ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా మీ పదేళ్ళ వీసా రద్దయినట్టే.

ఆఫీసరు "ఎందుకు వచ్చారు?" అంటే జంకక్కర్లేదు. కూతురి పురుడు, మనవరాలిని చూడ్డానికి వచ్చాను, ఫలానా తేదీకి తిరుగు టికెట్ ఉంది... ఉన్నమాట చెప్పండి. ఎవరో చెప్పారని న్యూయార్క్ చూడ్డానికొచ్చానంటూ కథలల్లొద్దు. అలాగే వచ్చీరాని ఇంగ్లీషులో "పని చెయ్యడానికి వచ్చాను" అని మాత్రం అనకండి! కూతురింట్లో పని మనకి పనే కాదు గానీ, వాళ్ళ భాషలో పని అంటే ఉద్యోగం. ఇంగ్లీషు తడబడుతుంటే "తెలుగు" అని ఒక్క మాటనండి. ఫోన్‌లో దుబాసీని పిలిపించే ఏర్పాటు వాళ్ళకుంది. కూతురి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు కాగితం మీద రాసి చేతిసంచీలో పెట్టుకోండి. సెల్‌ఫోన్‌లో ఉందిలే అనుకుంటే సరిగ్గా అప్పుడే చార్జింగ్ అయిపోతుంది.

దారిలో ఏ దేశంలో విమానం మారుతున్నారో కూడా చూసుకోవాలి. కొన్ని దేశాల్లో విమానాశ్రయం దాటకపోయినా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. కెనడా మీదుగా వెళితే మనకి అది కావాలి. చవగ్గా వచ్చిందని కొన్న టికెట్‌లో హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కమని ఉంటే, అది ఒక విమానాశ్రయంలోంచి బయటికొచ్చి ఊరు దాటి ఇంకో దానికి పోవడం. దాని రూలే వేరు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం... అదే, పెట్టె! మనవాళ్ళు ఎక్కువగా పట్టుబడేది ఇక్కడే.

గసగసాలు. కోడికూరలో, గుత్తివంకాయలో, పండక్కి చేసే పాయసంలో మనకి గసగసాలు లేందే కుదరదు. కానీ అవి నల్లమందు మొక్క గింజలు. యు.ఏ.ఇ.లో, సౌదీలో వాటిని తీసుకురానివ్వరు. మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు. సింగపూర్‌కీ పట్టుకెళ్ళకండి. 2008లో ఒక విదేశీ ప్రయాణికుడి బట్టల మీద రాలిన మూడు గసగసాలకి దుబాయ్‌లో నాలుగేళ్ళ శిక్ష వేశారని పత్రికల్లో పెద్ద ఎత్తున వచ్చింది. లండన్‌లో తిన్న బన్ను మీదివట అవి! ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో గసగసాలు కలిపారేమో గుర్తు తెచ్చుకోండి. గల్ఫ్ వెళ్ళే పెట్టెలో ఆ సీసా ఉంటే తీసి పక్కింటావిడకి ఇచ్చేయండి.

ఇక పువ్వులు. మలయాళ నటి నవ్యా నాయర్ 2025లో ఓనం పండగకి ఆస్ట్రేలియా వెళుతూ చేతిసంచీలో మల్లెదండ పెట్టుకుంది. జానెడు కూడా లేదు. మెల్‌బోర్న్ విమానాశ్రయంలో 1,980 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేశారు. మన లెక్కలో లక్ష రూపాయలు దాటింది! ఆవిడే సభలో ఆ మాట చెప్పింది. పువ్వులో, ఆకులో, గింజలో పురుగో తెగులో దాక్కుని వస్తుందని వాళ్ళ భయం. గులాబ్‌జామ్, రసమలై, బర్ఫీలాంటి పాలతో చేసిన మిఠాయిలు కూడా ఆస్ట్రేలియాలో రానివ్వరు. దీపావళికి పాలకోవా పట్టుకెళ్ళి చెత్తబుట్ట పాలు చేసుకోకండి.

అమెరికాకి పచ్చి కరివేపాకు పనికిరాదు. నిమ్మజాతి చెట్లని కాటేసే తెగులుని మోసే చిన్న పురుగు కరివేపాకు మీద బతుకుతుంది. ఆ తెగులుతో ఫ్లోరిడా నారింజ తోటలు నాశనమయ్యాయి. అందుకే ఆ గట్టి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి కూడా వద్దు. మాంసంతో చేసినవి ఇంట్లో చేసినా కొన్నా ఒకటే, తీసేస్తారు. మిగతా తినుబండారాలేవి ఉన్నా "తినే వస్తువులున్నాయి" అని చెప్పేయండి. చెబితే మహా అయితే ఒక సీసా పోతుంది. దాస్తే పదివేల డాలర్ల దాకా జరిమానా వెయ్యొచ్చని వాళ్ళ కస్టమ్స్ వాళ్ళే రాసుకున్నారు. ఒక్కో పొట్లం మీద ఇంగ్లీషులో పేరు రాసి అంటించండి. ఆఫీసరుకి కందిపొడి అంటే ఏం తెలుస్తుంది పాపం!

మందులు. బి.పి., షుగరు బిళ్ళలు డాక్టరు చీటీతో, అసలు డబ్బాల్లోనే పెట్టుకోండి. రంగు రంగుల బిళ్ళలన్నీ ఒక్క ప్లాస్టిక్ డబ్బాలో కలిపేయడం మనకి అలవాటు, అది మానండి. గల్ఫ్‌కైతే మరీ జాగ్రత్త. నిద్రపట్టడానికి వేసుకునే ఆల్‌ప్రాజొలామ్, నొప్పికి ట్రమడాల్, దగ్గుమందుల్లో ఉండే కోడీన్... యు.ఏ.ఇ.లో వీటికి ముందే వాళ్ళ ఆరోగ్యశాఖ అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

ఇంకొక సంగతి. మన ఇళ్ళల్లో పనిచేసే అమ్మాయి ఒకరోజు వచ్చి "అమ్మా, కువైట్ పోతున్నా, ఏజెంటు విజిట్ వీసా ఇప్పిస్తానన్నాడు" అంటే, జీతం పెంచమని అడగడానికి అలా అంటోందని నవ్వేయకండి. కూర్చోబెట్టి పాస్‌పోర్టు చూడండి. పదో తరగతి లేనివాళ్ళ పాస్‌పోర్టు మీద 'ఇ.సి.ఆర్.' అని ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా పద్దెనిమిది దేశాలకి పనికోసం వెళ్ళాలంటే వాళ్ళు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసు నుంచి అనుమతి తీసుకోవాలి. ఇది 1983 నాటి చట్టం. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడవాళ్ళకి ఆ అనుమతి ఇవ్వరు. ఆ రెండూ తప్పించడానికే ఏజెంటు విజిట్ వీసా అంటాడు. అలా వెళ్ళిన మనిషికి అక్కడ ఒప్పంద పత్రం ఉండదు, జీతం ఎగ్గొట్టినా కొట్టినా అడిగే దిక్కుండదు. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వపు 'ఇ-మైగ్రేట్' వెబ్‌సైటులో చూడొచ్చు. తెలంగాణ ప్రభుత్వానిదే 'టామ్‌కామ్' అనే సంస్థ ఉంది. అయిదు నిమిషాల పని, మీ అమ్మాయిచేత చూపించండి.

మిగతావి క్లుప్తంగా. చాలా దేశాలు పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ముక్తినాథ్, పశుపతినాథ్ వెళ్ళే భక్తబృందాల వాళ్ళు నేపాల్‌కి ఆధార్ చాలనుకుంటారు. 2019 నుంచి పదిహేనేళ్ళలోపు పిల్లలకి, అరవై అయిదు దాటినవాళ్ళకి మాత్రమే అది చెల్లుతుంది. మిగతావాళ్ళకి పాస్‌పోర్టో ఓటరు కార్డో కావాలి. ఆఫ్రికాలో ఎల్లో ఫీవర్ ఉన్న దేశాలకి వెళ్ళేవాళ్ళు కనీసం పదిరోజుల ముందు టీకా వేయించుకోవాలి. మన ఊళ్ళో నారాయణగూడ ఐ.పి.ఎం.లో వేస్తారు. కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడే ఆరు రోజులదాకా విడిగా ఉంచేస్తారు. థాయ్‌లాండ్ వెళ్ళేవాళ్ళు 2025 మే 1 నుంచి ముందే ఆన్‌లైన్‌లో రాకకార్డు నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది దొంగదే.

ఉత్తరం చివర మా సోదరి ఇంకో ప్రశ్న అడిగారు. "బాలింతకి కరివేపాకు పొడి చేద్దామంటే అక్కడ పచ్చి కరివేపాకు దొరుకుతుందా?" దొరుకుతుందమ్మా, ఇండియన్ స్టోర్లలో చిన్న చిన్న పొట్లాల్లో అమ్ముతారు. కాకపోతే ధర చూసి రూపాయల్లోకి మార్చకండి.